ఒకటి రెండు సర్వర్లకి కూడా యాన్సిబుల్ అవసరమా? మొదలుపెడితే ఎక్కణ్ణుంచి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: క్లౌడ్‌లో ఒక ఉబుంటు సర్వర్ తీసుకుని ఎంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), మీ వెబ్ అప్లికేషన్ అన్నీ చేత్తో ఒక్కొక్కటిగా పెట్టుకున్నారు. ఇప్పుడు రెండో సర్వర్ కావాల్సి వచ్చింది. మొదటిదాంట్లో ఏ ఫైల్లో ఏం మార్చారో సగం గుర్తులేదు. సర్వర్ల సెటప్‌ని ఫైళ్లలో రాసి నడిపించే యాన్సిబుల్ అనే సాధనం నేర్చుకోమని ఎవరో సలహా ఇచ్చారు. రెండు సర్వర్ల కోసం ఇంత తతంగం అవసరమా అని ఒక సందేహం, ఎక్కడైనా తేడా కొడితే మన సర్వర్‌లోకి మనమే వెళ్లలేకపోతామేమో అని ఒక టెన్షన్.

సూటిగా చెబుతాను. అవసరమే. ఒక్క సర్వర్ ఉన్నా అవసరమే. పనిని రెండు ప్లేబుక్‌లుగా, అంటే యాన్సిబుల్ చేయాల్సిన పనులు వరుసగా రాసుకున్న ఫైళ్లుగా, విడగొట్టండి. మొదటిది, కొత్త సర్వర్ చేతికి రాగానే రూట్‌గా (పూర్తి అధికారాలున్న యూజర్‌గా) ఒక్కసారి నడిపేది. మీకంటూ ఒక యూజర్‌ని తయారుచేసి, ఎస్ఎస్‌హెచ్ కీ (దూరం నుంచి లాగిన్ కావడానికి పాస్‌వర్డ్ బదులు వాడేది) పెట్టి, పాస్‌వర్డ్ లాగిన్ మూసేసి, ఫైర్‌వాల్ వేసి ఆగిపోతుంది. రెండోది మిగతా పనంతా చేస్తుంది, ఎన్నిసార్లు నడిపినా ఇబ్బంది ఉండదు. సర్వర్‌లోకి వెళ్లలేకపోయే ప్రమాదం దాదాపు మొత్తం ఆ మొదటి ప్లేబుక్‌లోనే ఉంటుంది. దాన్ని చిన్నదిగా, విడిగా ఉంచితే ఎక్కడ జాగ్రత్తపడాలో మీకు స్పష్టంగా తెలుస్తుంది.

చిన్న టీమ్‌లకి సర్వర్లు సిద్ధం చేసిపెట్టడం నా పని. ఎవరితో మాట్లాడినా ముందు ఒకటే అడుగుతాను: ఈ సర్వర్ ఇవాళ పోతే, ఇలాంటిదే ఇంకొకటి రేపటికల్లా నిలబెట్టగలరా? డేటా బ్యాకప్ ఉందండీ అంటారు. మంచిదే. కానీ ఎంజిన్‌ఎక్స్‌లో టైమౌట్ ఎంత పెట్టారు, ఏ క్రాన్ జాబ్ (నిర్ణీత సమయానికి దానంతటదే నడిచే పని) ఏ యూజర్ పేరు మీద నడుస్తోంది, లాగ్ రొటేషన్ ఎవరు పెట్టారు, ఇవి ఆ సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా ఉండవు. ప్లేబుక్ రాయడమంటే వీటిని సర్వర్ బయటకి తెచ్చి గిట్‌లో (ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునీ గుర్తుంచుకునే సాధనంలో) పెట్టుకోవడం. సర్వర్ల సంఖ్యకి దీంతో పెద్దగా సంబంధం లేదు.

యాన్సిబులే ఎందుకు? ఈ పనికే ఉన్న సాధనాల్లో పపెట్ 2005లో వచ్చింది, షెఫ్ 2009లో, సాల్ట్ 2011లో, యాన్సిబుల్ 2012లో. పపెట్‌ని మామూలుగా వాడే పద్ధతిలో ప్రతి సర్వర్‌లోనూ ఒక ఏజెంట్ ఉంటుంది, అది అరగంటకోసారి కేంద్ర సర్వర్‌ని అడిగి తనను తాను సరిచేసుకుంటుంది. వందల సర్వర్లున్న చోట అది చాలా బాగుంటుంది. రెండు సర్వర్ల కోసం మూడో సర్వర్‌ని నడపడం మాత్రం భారమే. యాన్సిబుల్‌కి ఏజెంట్ అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా వెళ్లి, చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌లు అక్కడికి పంపి, నడిపి, తుడిచేసి వస్తుంది. సర్వర్‌లో ఉండాల్సింది ఎస్ఎస్‌హెచ్, పైథాన్ మాత్రమే. ఉబుంటు సర్వర్‌లో పైథాన్ 3 ముందే ఉంటుంది.

ఇక్కడ రెండు చిన్న విషయాలు. మీ ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటే యాన్సిబుల్ నేరుగా నడవదు, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల లినక్స్ నడిపే ఏర్పాటు) వేసుకుని అందులో నడపాలి. ఇక పాత సర్వర్లు: యాన్సిబుల్ కోర్ 2.17 నుంచి అవతలి సర్వర్‌లో పైథాన్ 2.7, 3.6 ఉంటే పనిచేయదు. రెడ్ హ్యాట్ 8లో సిస్టమ్ పైథాన్ 3.6 కాబట్టి అక్కడ చాలామంది ఇరుక్కున్నారు. అందుకే ఏ వెర్షన్ వాడుతున్నారో ప్రాజెక్ట్‌లోనే రాసిపెట్టుకోండి.

టెర్రాఫామ్ చాలదా అని కొందరు అంటారు. ఆ పని వేరు. సర్వర్‌ని, నెట్‌వర్క్‌ని పుట్టించడం టెర్రాఫామ్ పని. పుట్టిన సర్వర్ లోపల ఏముండాలో చూసుకోవడం యాన్సిబుల్ పని. మీకున్న రెండు సర్వర్లని కంట్రోల్ ప్యానెల్‌లో నొక్కి తయారుచేసుకున్నా నష్టం లేదు.

ఇక మొదటి ప్లేబుక్. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో ఎక్కువ లోపాలు ఇక్కడే కనిపిస్తాయి.

ముందు మీ ల్యాప్‌టాప్‌లో ఈడీ25519 రకం కీ తయారుచేసుకోండి, దానికి పాస్‌ఫ్రేజ్ పెట్టండి, ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్‌లో ఎక్కించండి. సర్వర్‌కి మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు హోస్ట్ కీ ఫింగర్‌ప్రింట్ చూపించి సరేనా అని అడుగుతుంది. ఇది అడ్డం వస్తోందని చాలా ట్యుటోరియల్స్‌లో హోస్ట్ కీ చెకింగ్‌ని పూర్తిగా ఆపేయమంటారు. దయచేసి ఆ పని చేయకండి. మీరు మాట్లాడుతున్నది మీ సర్వర్‌తోనే అని చెప్పే ఆధారం అదొక్కటే. సర్వర్ ఇచ్చినవాళ్ల వెబ్ కన్సోల్‌లో ఫింగర్‌ప్రింట్ చూసుకుని, సరిపోల్చుకుని, ఒక్కసారి ఒప్పుకోండి. ఆ వెబ్ కన్సోల్‌లోకి లాగిన్ కావడం కూడా ఇప్పుడే ప్రయత్నించి చూడండి. ఎస్ఎస్‌హెచ్ మూసుకుపోతే మిగిలే దారి అదే.

ప్లేబుక్ మొదలుపెట్టగానే మీకు ఎదురయ్యే మొదటి ఎర్రర్ బహుశా ఏపీటీ (ఉబుంటులో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) లాక్. కొత్త సర్వర్ లేచిన మొదటి కొన్ని నిమిషాల్లో క్లౌడ్ ఇనిట్ (కొత్త సర్వర్‌ని మొదటిసారి సిద్ధం చేసే ప్రోగ్రామ్), ఆటోమేటిక్ అప్‌డేట్లు వాటి పని అవి చేసుకుంటూ ఉంటాయి. అవి ప్యాకేజీల లాక్ పట్టుకుని ఉంటే మీ టాస్క్ (ప్లేబుక్‌లో రాసిన ఒక్కో పని) ఫెయిల్ అవుతుంది. ప్లేబుక్‌లో మొట్టమొదటి టాస్క్‌గా క్లౌడ్ ఇనిట్ పూర్తయ్యేదాకా ఆగమని చెప్పండి; దాని స్టేటస్ కమాండ్‌కి వెయిట్ అనే ఆప్షన్ ఉంది. ఏపీటీ మాడ్యూల్‌కి (ఒక్కో రకం పని కోసం యాన్సిబుల్‌లో ఉండే సిద్ధ భాగమే మాడ్యూల్) లాక్ టైమౌట్ అనే సెట్టింగ్ కూడా ఉంది, మామూలుగా 60 సెకన్లు, దాన్ని పెంచుకోవచ్చు.

తర్వాత వరుస ముఖ్యం. ముందు యూజర్, తర్వాత కీ, ఆ తర్వాత సుడో అనుమతి (రూట్ అధికారంతో కమాండ్లు నడిపే అనుమతి). సుడో ఫైల్ రాసేటప్పుడు కాపీ లేదా టెంప్లేట్ మాడ్యూల్‌లో వ్యాలిడేట్ అనే ఆప్షన్‌కి విసుడో చెక్ కమాండ్ ఇవ్వండి. ఫైల్లో ఒక్క అక్షరం తప్పున్నా అది అసలు చోటికి చేరదు. తప్పు సుడో ఫైల్ చేరిందంటే సుడో మొత్తంగా ఆగిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఈ ఒక్క లైన్ వదిలేయకండి. ఎస్ఎస్‌హెచ్ సెట్టింగ్స్‌కి కూడా ఇలాంటి పరీక్షే ఉంది: ఎస్ఎస్‌హెచ్‌డీకి (సర్వర్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్లని అందుకునే ప్రోగ్రామ్‌కి) టెస్ట్ మోడ్ ఉంటుంది, సర్వీస్‌ని రీలోడ్ చేసేముందు దాన్ని నడిపించండి.

ఇప్పుడు పాస్‌వర్డ్ లాగిన్ ఆపడం. ఇక్కడ ఒక గట్టి చిక్కు ఉంది. అందరూ ప్రధాన ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ ఫైల్లో పాస్‌వర్డ్ అథెంటికేషన్ 'నో' అని మారుస్తారు, ప్లేబుక్ పచ్చగా పూర్తవుతుంది, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఉబుంటులో ఆ ఫైల్ పైభాగంలోనే ఒక ఇన్‌క్లూడ్ లైన్ ఉంటుంది. పక్కనున్న ఫోల్డర్‌లోని చిన్న ఫైళ్లన్నీ ముందు అక్కణ్ణుంచి చదవబడతాయి. ఎస్ఎస్‌హెచ్‌డీ ఒక సెట్టింగ్‌కి మొదట కనిపించిన విలువనే తీసుకుంటుంది, తర్వాత వచ్చినవి పట్టించుకోదు. చాలా క్లౌడ్ ఇమేజ్‌లలో ఆ ఫోల్డర్‌లో 50 అంకెతో మొదలయ్యే క్లౌడ్ ఇనిట్ ఫైల్ ఒకటి ఉండి, అందులో పాస్‌వర్డ్ అథెంటికేషన్ 'యెస్' అని రాసి ఉండొచ్చు. అప్పుడు మీరు కింద రాసిన 'నో'కి విలువే లేదు. ఒక టీమ్ సర్వర్ చూడమని పిలిస్తే వెళ్లాను. పాస్‌వర్డ్ లాగిన్ ఎప్పుడో మూసేశామని వాళ్ల నమ్మకం, లాగ్‌లో చూస్తే బయటివాళ్లు రోజంతా పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తూనే ఉన్నారు, సర్వర్ వాటిని ఒక్కొక్కటిగా పరీక్షిస్తూనే ఉంది. కారణం ఇదే.

కాబట్టి ప్రధాన ఫైల్ ముట్టుకోకుండా, ఆ ఫోల్డర్‌లోనే 00 అంకెతో మొదలయ్యే మీ సొంత ఫైల్ పెట్టండి. పెట్టాక ఎస్ఎస్‌హెచ్‌డీని పెద్ద 'టీ' ఆప్షన్‌తో నడిపి, నిజంగా అమల్లో ఉన్న విలువ ఏమిటో చూడండి. నేనైతే ఈ పరిశీలనని ప్లేబుక్‌లోనే ఒక టాస్క్‌గా పెడతాను. విలువ 'నో' కాకపోతే ప్లేబుక్ అక్కడే ఆగిపోవాలి.

ఈ ప్లేబుక్ నడుపుతున్నంతసేపూ పక్కన ఇంకో టెర్మినల్‌లో సర్వర్‌కి లాగిన్ అయి ఉండండి. ఎస్ఎస్‌హెచ్ సర్వీస్ రీస్టార్ట్ అయినా అప్పటికే తెరిచి ఉన్న సెషన్ తెగదు. మూడో టెర్మినల్ నుంచి కొత్త యూజర్‌గా లాగిన్ అయ్యి, సుడో కూడా పనిచేస్తోందని చూసుకున్నాకే పాతది మూసేయండి.

పోర్ట్ 22 మార్చాలా అని తర్వాత మీరే అడుగుతారు, కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను: నేను మార్చను. కీ తప్ప ఇంకేదీ పనిచేయని చోట పోర్ట్ మార్చడం వల్ల లాగ్‌లో చెత్త తగ్గుతుంది, అంతకుమించి భద్రత పెరగదు. పైగా ఉబుంటు 22.10 నుంచి ఎస్ఎస్‌హెచ్ పోర్ట్‌ని వినేది సిస్టమ్‌డీ (సర్వీస్‌లని నడిపే ప్రోగ్రామ్) సాకెట్. కాన్ఫిగ్ ఫైల్లో పోర్ట్ మార్చి ఎస్ఎస్‌హెచ్ సర్వీస్‌ని మాత్రమే రీస్టార్ట్ చేసి, ఫైర్‌వాల్‌లో 22 మూసేశారనుకోండి, బయటే ఉండిపోతారు. మార్చి తీరాల్సిందే అయితే సిస్టమ్‌డీని రీలోడ్ చేసి సాకెట్ యూనిట్‌ని కూడా రీస్టార్ట్ చేయాలి.

ఫైర్‌వాల్‌లో కూడా వరుసే ప్రాణం. ఉబుంటు ఫైర్‌వాల్ సాధనమైన యూఎఫ్‌డబ్ల్యూలో ముందు ఎస్ఎస్‌హెచ్‌ని అనుమతించే టాస్క్, ఆ తర్వాతే ఫైర్‌వాల్‌ని ఆన్ చేసే టాస్క్. మీరు డాకర్ (అప్లికేషన్లని కంటైనర్లలో నడిపే సాధనం) వాడుతుంటే ఒక మాట గుర్తుంచుకోండి: డాకర్ బయటకి పబ్లిష్ చేసే పోర్ట్‌లని యూఎఫ్‌డబ్ల్యూ ఆపదు, ఎందుకంటే డాకర్ తన నియమాలని నేరుగా లినక్స్ అడుగున ఉండే ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో రాసుకుంటుంది. డేటాబేస్ కంటైనర్ పోర్ట్‌ని 127.0.0.1కి (ఆ సర్వర్ లోపలి నుంచే అందే చిరునామాకి) మాత్రమే కట్టండి.

రెండో ప్లేబుక్ రాయడం దీనికంటే తేలిక, నడిపే తీరులో మాత్రం క్రమశిక్షణ కావాలి. నేను చూసే మొదటి లక్షణం ఒకటే. ఒకసారి నడిపి, ఏమీ మార్చకుండా వెంటనే మళ్లీ నడిపితే 'ఛేంజ్డ్' దగ్గర సున్నా రావాలి. రాకపోతే ఏదో టాస్క్ ప్రతిసారీ చేసిన పనే చేస్తోందని అర్థం. సాధారణంగా అది షెల్ లేదా కమాండ్ మాడ్యూల్‌తో రాసిందే అయి ఉంటుంది. పాత షెల్ స్క్రిప్ట్‌ని ముక్కలు చేసి షెల్ మాడ్యూల్‌లో పెట్టి ప్లేబుక్ అనుకునేవాళ్లు ఎక్కువ. అలా రాస్తే యాన్సిబుల్ వల్ల వచ్చే లాభం అంతా పోతుంది, ఎందుకంటే ఆ కమాండ్ వల్ల ఏం మారిందో దానికి తెలియదు. యూజర్‌కి యూజర్ మాడ్యూల్, ప్యాకేజీకి ఏపీటీ మాడ్యూల్, సర్వీస్‌కి సిస్టమ్‌డీ మాడ్యూల్ వాడండి. షెల్ తప్పనిసరైన చోట 'క్రియేట్స్' ఆప్షన్ ఇచ్చి, ఫలానా ఫైల్ ఉంటే ఈ పని అక్కర్లేదు అని చెప్పండి.

కాన్ఫిగ్ ఫైళ్లకి లైన్ఇన్‌ఫైల్ మాడ్యూల్ చూడటానికి సులువుగా ఉంటుంది. ఒకటి రెండు లైన్లకి పర్వాలేదు. అంతకుమించితే మొత్తం ఫైల్‌ని జింజా టెంప్లేట్‌గా (విలువలు నింపుకునే ఖాళీలున్న నమూనా ఫైల్‌గా) మీ దగ్గరే ఉంచుకోండి. అప్పుడు సర్వర్‌లో ఆ ఫైల్ ఎలా ఉందో తెలుసుకోవడానికి సర్వర్‌లోకి వెళ్లాల్సిన పనే ఉండదు.

హ్యాండ్లర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది పైకి కనిపించని సమస్య. ఎంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్ మారితే ఎంజిన్‌ఎక్స్‌ని రీలోడ్ చేయమని హ్యాండ్లర్ రాస్తాం. హ్యాండ్లర్ అంటే ఏదైనా మారితేనే నడిచే టాస్క్. హ్యాండ్లర్లు ప్లే (ప్లేబుక్‌లోని ఒక భాగం) చివర్లో నడుస్తాయి. కాన్ఫిగ్ మారింది, హ్యాండ్లర్‌కి కబురు వెళ్లింది, కానీ ఆ తర్వాత వచ్చే డేటాబేస్ టాస్క్ ఫెయిల్ అయిందనుకోండి. ప్లే అక్కడే ఆగిపోతుంది, హ్యాండ్లర్ నడవదు. మీరు డేటాబేస్ టాస్క్ సరిచేసి మళ్లీ నడుపుతారు. ఈసారి ఎంజిన్‌ఎక్స్ ఫైల్ అప్పటికే సరిగా ఉంది, కాబట్టి మార్పు లేదు, కబురూ లేదు. అంతా పచ్చగా కనిపిస్తుంది, ఎంజిన్‌ఎక్స్ మాత్రం పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తూ ఉంటుంది. నెలల తర్వాత సర్వర్ రీబూట్ అయిన రోజు కొత్త కాన్ఫిగ్ అమల్లోకి వస్తుంది, ఇవాళ ఏం మార్చాం అని అందరూ తల పట్టుకుంటారు. దీనికి మందు ఫోర్స్ హ్యాండ్లర్స్ సెట్టింగ్, లేదా ప్రతి విభాగం చివర హ్యాండ్లర్లని ఫ్లష్ చేసే మెటా టాస్క్. నేను రెండూ వాడతాను.

ప్లేబుక్‌లు రాసే యామల్ ఫార్మాట్ విషయంలో ఒక్కటే చెబుతాను: ఫైల్ పర్మిషన్లని ఎప్పుడూ కోట్స్‌లో, ముందు సున్నాతో '0644' అని రాయండి. సున్నా, కోట్స్ లేకుండా 644 అని రాస్తే అది మామూలు దశాంశ సంఖ్య అయిపోతుంది. ఆక్టల్‌లోకి మారిస్తే 1204. సొంతదారు కూడా చదవలేని ఫైల్ తయారవుతుంది.

పాస్‌వర్డ్‌లు, టోకెన్లు గిట్‌లోకి అలాగే వెళ్లకూడదు. యాన్సిబుల్ వాల్ట్ దీనికే ఉంది. వాల్ట్‌లో పెట్టిన ఫైల్ మొత్తం గుప్తంగా మారిపోతుంది కాబట్టి ఏ వేరియబుల్ ఎక్కడుందో వెతకడం కష్టమవుతుంది. అందుకని మామూలు వేరియబుల్స్ ఫైల్ ఒకటి, వాల్ట్ ఫైల్ ఒకటి పక్కపక్కనే పెట్టి, వాల్ట్‌లోని పేర్లన్నీ 'వాల్ట్' అనే ముందుమాటతో మొదలయ్యేలా చూసుకోండి. మామూలు ఫైల్లో 'డేటాబేస్ పాస్‌వర్డ్ అంటే వాల్ట్ డేటాబేస్ పాస్‌వర్డ్' అని రాయండి. వెతికితే పేర్లు దొరుకుతాయి, విలువలు దాగే ఉంటాయి. రహస్యాలు వాడే టాస్క్‌కి నో లాగ్ కూడా పెట్టండి, లేకపోతే అవి టెర్మినల్‌లో కనిపించిపోతాయి.

సర్వర్ మీద నిజంగా నడిపేముందు చెక్ మోడ్, డిఫ్ రెండూ కలిపి నడపండి. ఏ ఫైల్లో ఏ లైన్ మారబోతోందో చూపిస్తుంది. అయితే దాన్ని పూర్తిగా నమ్మకండి. షెల్, కమాండ్ టాస్క్‌లు చెక్ మోడ్‌లో మామూలుగా నడవవు, వాటి ఫలితం మీద ఆధారపడే టాస్క్‌లు అక్కడ ఉత్తుత్తి ఎర్రర్లు ఇస్తాయి.

టాస్క్ తీసేస్తే పని వెనక్కి పోదు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ప్లేబుక్ నుంచి రెడిస్ ఇన్‌స్టాల్ టాస్క్ చెరిపేస్తే సర్వర్ నుంచి రెడిస్ పోదు. యాన్సిబుల్‌కి అది ఒకప్పుడు ఉండేదన్న సంగతే గుర్తుండదు. తీసేయాలంటే స్టేట్‌ని 'ఆబ్సెంట్' చేసి, నడిపి, ఆ తర్వాతే టాస్క్ చెరపాలి. ఉద్యోగం మానేసిన మనిషి ఎస్ఎస్‌హెచ్ కీ విషయంలో ఇది మరీ ముఖ్యం. జాబితాలోంచి పేరు తీసేసినంత మాత్రాన ఆ కీ సర్వర్‌లోంచి పోదు. ఆథరైజ్డ్ కీ మాడ్యూల్‌లో 'ఎక్స్‌క్లూజివ్' ఆప్షన్ పెట్టి, అన్ని కీలూ ఒకే టాస్క్‌లో ఇస్తే జాబితాలో లేనివన్నీ తొలగిపోతాయి. లూప్‌లో ఒక్కో కీ ఇస్తూ ఎక్స్‌క్లూజివ్ పెడితే మాత్రం చివరి కీ ఒక్కటే మిగులుతుంది, జాగ్రత్త.

ఇప్పుడు మీ అసలు ఇబ్బంది: చేత్తో కట్టిన పాత సర్వర్. నడుస్తున్న దాని మీదకి ప్లేబుక్ వదలకండి. దాన్ని చూస్తూ ప్లేబుక్ రాసి, కొత్త సర్వర్ మీద నడపండి. గుర్తులేనివన్నీ ఆ సర్వరే చెబుతుంది. ఏపీటీ మార్క్ కమాండ్‌కి షోమాన్యువల్ అని ఇస్తే చేత్తో ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీల పేర్లొస్తాయి. కొన్ని ఇమేజ్‌తో వచ్చినవి కూడా కలిసిపోతాయి, వాటిని ఏరేయండి. డెబ్‌సమ్స్ అనే ప్యాకేజీ వేసుకుంటే ప్యాకేజీలతో వచ్చిన కాన్ఫిగ్ ఫైళ్లలో వేటిని మీరు మార్చారో చూపిస్తుంది. నా అనుభవంలో అన్నిటికంటే విలువైన జాబితా ఇదే. సిస్టమ్‌సీటీఎల్‌లో ఎనేబుల్ అయి ఉన్న యూనిట్లు, ఎస్ఎస్ కమాండ్‌తో వింటున్న పోర్ట్‌లు, ప్రతి యూజర్ క్రాన్‌ట్యాబ్, రూట్ బాష్ హిస్టరీ కూడా తీసుకోండి. ఒక్కో వస్తువుకీ ఇది ఎందుకుంది అని అడిగి, జవాబు ఉన్నవాటినే ప్లేబుక్‌లోకి తెండి.

కొత్త సర్వర్‌లో అప్లికేషన్ లేచాక దాన్ని పారేసి, ఇంకో ఖాళీ సర్వర్ తీసుకుని రెండు ప్లేబుక్‌లూ మొదటి నుంచి నడపండి. మధ్యలో మీరు చేత్తో సరిచేసి మరిచిపోయినవన్నీ అప్పుడు బయటపడతాయి. ఆ ఖాళీ సర్వర్ మీద చెయ్యి పెట్టకుండా అంతా లేచినప్పుడే మార్పిడికి సిద్ధమైనట్టు.

మార్పిడికి ఒకటి రెండు రోజుల ముందే డీఎన్ఎస్ టీటీఎల్‌ని (మీ సైట్ పేరుకి ఏ సర్వర్ చిరునామా అన్నది బయటివాళ్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే సమయాన్ని) 300 సెకన్లకి తగ్గించండి. ఆ రోజు పాత సర్వర్‌లో అప్లికేషన్‌ని, క్రాన్ జాబ్‌లని ఆపి, పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ కమాండ్ పీజీ డంప్‌తో డేటాబేస్ తీసి కొత్తదాంట్లో ఎక్కించి, డీఎన్ఎస్ మార్చండి. క్రాన్ ఆపడం మరిచిపోతే రెండు సర్వర్లూ ఒకే కస్టమర్‌కి ఒకే మెయిల్ పంపుతాయి. కొత్తదాని బ్యాకప్ ఒకసారి పూర్తిగా నడిచి, దాన్నుంచి రీస్టోర్ చేసి చూసుకునేదాకా పాత సర్వర్‌ని ఆపి ఉంచండి, తీసేయకండి.